లాంజ్‌లో తడి తువ్వాళ్లు

ఆ రోజుల్లో బ్యాంకు వాడు ఒక కార్డు పంపితే, నా గొప్పతనాన్ని ఇన్నాళ్లకి ఒకరైనా గుర్తించారని పొంగిపోయే వయసు నాది. రియాద్‌లో ఇంజనీరుగా చేరి ఏడాది కాలేదు. బంగారు రంగు కార్డుతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని పరీక్షకి చదివినట్టు చదివాను. విమానాశ్రయం లాంజ్‌లో ఉచిత ప్రవేశం, వెంట ఒక అతిథికి కూడా. ఆ అతిథి మాట చదివిన రోజు నుంచి, నా వైభవాన్ని కళ్లారా చూసే మనిషి ఎవరు దొరుకుతారా అని వెతుకులాట మొదలైంది.

దొరికిన మనిషి మా సైటు మేస్త్రి, అందరూ మామ అని పిలిచే ఆయన. జగిత్యాల వైపు మనిషి. ఇరవై రెండేళ్లు ఈ దేశంలో ఇటుక మీద ఇటుక పేర్చి, ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. నేను సెలవు మీద అదే విమానంలో హైదరాబాదు వెళ్తున్నాను. ఇమిగ్రేషన్ దాటాక మామ, నివాస అనుమతి కార్డు ఉండే జేబు ఖాళీ అని తట్టి చూపించాడు. "ఇకామా కంపినోళ్లు తీస్కున్నరు సారూ. పాస్‌పోర్టుల ఎగ్జిట్ ముద్ర వడ్డది. ఇగ ఈడోణ్ణి గాదు, ఇంక ఆడోణ్ణి గాలే. ఈ ఇమానం తప్పితే నన్నెవ్వడు అడుగడు." అలాంటి మనిషిని తిన్నగా గేటు దగ్గర కూర్చోబెట్టడం మానేసి, కార్డు చూపించుకుందామని లాంజ్‌కి తీసుకెళ్లాను.

లోపల అడుగు మునిగే తివాచీ, ఎవరో చెవులు మూసినట్టు నిశ్శబ్దం. ఓ అరడజను మంది అక్కడొకరు ఇక్కడొకరు కూర్చుని ఉన్నారు. ఇక్కడ విమానాల పిలుపులు వినిపించవని, టైము మనమే చూసుకోవాలని గుమ్మం దగ్గర చెప్పారు (నేను దాన్ని కూడా ఒక సదుపాయంగానే లెక్కేశాను). మామ సోఫా అంచున కూర్చుని, సంచిలోంచి ఖబూస్ రొట్టె, టమాటా పచ్చడి తీశాడు. "ఇక్కడ అన్నీ ఉన్నాయి మామా, అవి లోపల పెట్టండి" అని పళ్లబిగువున చెప్పి, ప్లేటు తేవడానికి లేచాను.

సాయంకాలం దుమ్ము తుఫాను లేచింది. గాజుగోడ అవతల విమానాలు కనబడటం మానేశాయి. ముందు పసుపుగా, తర్వాత కాషాయంగా, ఆ తర్వాత ఇటుక పొడి రంగుకి తిరిగింది ఆకాశం. నేను రెండు సమోసాలు, కాస్త శనగల హమ్మస్ పెట్టుకుని ఇటు తిరిగేసరికి లాంజ్‌లో మామ తప్ప ఎవరూ లేరు. గుమ్మం దగ్గర మనిషి లేడు, వడ్డించే బల్ల దగ్గర మనిషి లేడు. కుర్చీలు వెనక్కి జరిపి ఉన్నాయి. చాయ్ కప్పుల్లోంచి పొగ ఇంకా వస్తోంది. కాఫీ యంత్రాన్ని ఎవరో నడుస్తుండగానే వదిలేశారు. అది ఒక్కటే గొంతు సాగదీసి కుయ్‌మని కూస్తోంది.

మామ ముఖం చూశాను. అందులో నెత్తురు చుక్క లేదు.

"గిట్లనే అయింది సారూ. గా లడాయి అప్పుడు. మెస్సుల కూసోని తింటున్నం. గిట్లనే సైరను కూసింది. రెప్ప కొట్టేలోపు ఒక్కడు లేడు. పళ్లాలల్ల అన్నం అట్లనే ఉండె."

"గల్ఫ్ యుద్ధం అయిపోయి పదిహేనేళ్లయింది మామా..."

"అందరు యాడికి వోయిన్రు మరి? నువ్వు జెప్పు."

ఇంజనీరింగులో డిస్టింక్షన్ వచ్చినవాణ్ణి, ఎర్రటి గాజుగోడ వంక చూశాను, పొగలు కక్కుతున్న కప్పుల వంక చూశాను, ప్లేటు బల్ల మీద పెట్టి మామ వెనకే నడిచాను. షవర్ రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టాం. తెల్లటి తువ్వాళ్లు చక్కగా చుట్టి పేర్చి ఉన్నాయి. మామ చేతులు ఏమాత్రం తడబడలేదు. రెండు తడిపి తలుపు కింద సందులో కుక్కాడు, ఒకటి గాలి వచ్చే జాలీ మీద కప్పాడు, ఇంకోటి నా ముక్కుకి కట్టి, తనూ ఒకటి కట్టుకున్నాడు. "ఇషపు గాలి గిట్ల ఆగుతది" అన్నాడు. ఆఫీసర్లకి మాస్కులిచ్చారట అప్పుడు. మేస్త్రీలకి తువ్వాళ్లు తడుపుకోమన్నారట.

సరిగా కట్టని కుళాయిలోంచి నీళ్లు కారుతున్నాయి. కూత ఆగింది. ఆగాక ఇంకా భయం వేసింది. తువ్వాలు వెనకనుంచి మామ మెల్లగా చెప్పాడు. "అప్పుడు గూడ బాత్రూమ్‌ల జొర్రిన. అందరు బస్సెక్కి యాడికో వోయిన్రు, నన్ను మర్షిన్రు. మైకుల అరబ్బీల ఏందో జెప్పిన్రు, నాకు తెల్వకపాయె. అయిపోయిందని మన మాటల జెప్పెటోడు లేడు. తెల్లారేదాక గట్లనే కూసున్న."

ఇరవై నిమిషాలు గడిచాయో, గంట గడిచిందో. తలుపు మీద దబదబ చప్పుడు. ఇద్దరం గోడకి అతుక్కుపోయాం.

"సాబ్! అందర్ కౌన్ హై? పానీ బాహర్ ఆ రహా హై!"

నీళ్లు బయటికి వస్తున్నాయట. ధైర్యం చేసి గడియ తీసి, సందులోంచి బయటికి జారాను. వెనకే మామ మళ్లీ గడియ బిగించాడు. గుమ్మం దగ్గర ఉండే కేరళ అబ్బాయి నా ముక్కు మీది తువ్వాలు వంక విచిత్రంగా చూస్తున్నాడు. అతని వెనక లాంజ్ నిండా మనుషులు. వాళ్లే, ఆ కుర్చీల్లోనే, ఆ కప్పులే పట్టుకుని.

"సబ్ కహా గయే థే?" అని, అందరూ ఎక్కడికి పోయారో అడిగాను.

"మగ్రిబ్ నమాజ్, సాబ్." పొద్దుగూకాక చేసే నమాజు.

ఈ దేశంలో నమాజు వేళకి సమస్తం ఆగిపోతుందని నాకు తెలియదా? బజారులో ఎన్నిసార్లు షట్టరు ముందు నిలబడలేదు! అక్కడ అజాన్ వినిపిస్తుంది. ఈ మెత్తటి తివాచీలో, ఈ మందపాటి గాజు వెనక ఏదీ వినబడలేదు. సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు. గాజుగోడ అవతల దుమ్ము పలచబడింది, గడియారం చూస్తే మా విమానానికి ఆఖరి పిలుపు వేళ.

కేరళ అబ్బాయి తలుపు కొట్టాడు. మామ పలకలేదు. అబ్బాయి హిందీలో బతిమాలాడు, ఇంగ్లీషులో హెచ్చరించాడు. లోపల నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇకామా లేని మనిషి, ఈ విమానం తప్పితే ఎటూ కాని మనిషి, నా డాబు కోసం ఇక్కడికి వచ్చిన మనిషి. ఏడుపొచ్చింది నాకు. తలుపుకి నోరు ఆనించి అన్నాను: "అయిపోయింది మామా. అంతా అయిపోయింది. బయటికి రండి."

గడియ తీసిన చప్పుడైంది. మామ నిలబడి ఉన్నాడు, తడి తువ్వాలు మెడ మీద, కళ్లు తుడుచుకుంటూ. "గీ మాట అప్పుడే ఎవరన్న జెప్తే అయిపోతుండె బిడ్డా" అన్నాడు. అప్పటిదాకా నేను సారునే.

ఇద్దరం తువ్వాళ్లతోనే పరిగెత్తి, తలుపు మూస్తుండగా విమానమెక్కాం. సమోసాలు ఎవరు తిన్నారో తెలియదు.

ఇప్పుడు నాకు మామ అప్పటి వయసు. కార్డు రంగు రెండుసార్లు మారింది. ఆయన ఫోను ఎప్పుడో పలకడం మానేసింది. ఏ ఊరి లాంజ్‌లోనైనా జనం పలచబడితే మాత్రం, షవర్ రూమ్ దాకా వెళ్లి తలుపు మెల్లగా తట్టి, "అయిపోయింది మామా, బయటికి రండి" అనడం నాకు అలవాటైపోయింది. ఎప్పుడూ జవాబు రాదు. కిందటేడు జెద్దాలో ఒకసారి వచ్చింది. "వస్తున్న, ఒక్క నిమిషం" అని, శుద్ధ తెలుగులో. అంత పెద్ద హోదా ఉన్నవాణ్ణి, చేతిసంచి అక్కడే వదిలేసి గేటు దాకా పరిగెత్తాను. తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ ఒక్క నిమిషం ఆగి ఉండాల్సింది అని కూడా అనిపిస్తుంది.