ట్రంపెట్ వెనక గరగర

నా దగ్గర ఒకే పాట ఏడు డిస్కుల్లో ఉంది. పాట ఒకటే, ఊదినవాడు ఒకడే, ఊదిన రోజు కూడా ఒకటే. దాదాపు నూరేళ్ళ కిందటి అమెరికా జాజ్ ట్రంపెట్ పాటలను ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ కొత్త డిస్కులుగా వేసి అమ్ముతూనే ఉంటారు. వాటిని రీఇష్యూలంటారు. అట్ట మీద బొమ్మ మారుతుంది, లోపలి కాగితం మీద రాతలు మారతాయి, ఇంత బాగా ఇదివరకెప్పుడూ విని ఉండరనే మాట మాత్రం మారదు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మండిన వారంలోపే ఆ డిస్కు తెప్పించుకుంటాను. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది, నేను తనిఖీ అంటాను.

ఇది నాకు గూడూరులో పట్టుకుంది. అభ్రకం ఎగుమతి చేసే ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరిన కొత్తలో, సరుకు చూసుకోవడానికి వచ్చిన ఒక విదేశీయుడు వెళ్తూ వెళ్తూ నా బల్ల మీద ఒక క్యాసెట్టు పెట్టిపోయాడు. ఊరికే ఇచ్చేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానం. ఎందుకిచ్చి ఉంటాడా అని రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు విన్నాను. ముందు నూనెలో ఏదో వేగుతున్నట్టు గరగర. ఆ గరగరను చీల్చుకుంటూ ట్రంపెట్, ఈ పాటే. ఊదినవాడెవరో, ఏ గదిలో నిలబడి ఊదాడో తెలియదు గానీ, ఎదురుగా నిలబడి నన్నే ఏదో అడుగుతున్నట్టుంది. భయమేసింది, సంతోషమూ వేసింది. రెండూ ఒక్కసారే కలగడం నాకదే మొదలు.

ఇప్పుడు మేముండేది ఇందుకూరుపేట దగ్గర. ఇంటికి మూడు వైపులా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళు చిలికే ఏరియేటర్ల రొద. మైపాడు సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా ఇంట్లో తలుపు గడియ కూడా రెండేళ్ళకు మించి బతకదు. ఆ పాత క్యాసెట్టు ఎప్పుడో బూజుపట్టి పోయింది.

మూడేళ్ళ కిందట తెప్పించిన డిస్కుతో గొడవ మొదలైంది. ప్లేయర్ మీద డిస్కు పెట్టి, గీతల మీద ముల్లు ఆనించాను. గరగర లేదు. కాసేపటికి ట్రంపెట్ వచ్చింది గానీ, దుప్పటి కప్పుకుని ఊదుతున్నట్టుంది. పై స్వరాల్లో ఉండే ఆ పదును పోయింది. సంగతి నాకు వెంటనే అర్థమైపోయింది. ఇప్పటివాళ్ళకు పాత డిస్కు మీది గరగర నచ్చదు కదా, కంప్యూటర్‌లో పెట్టి దాన్ని కడిగేస్తున్నారు. ఆ కడగడంలో ట్రంపెట్ పదును కూడా కొట్టుకుపోతోంది. అలా చేసేవాళ్ళున్నారని నేను చదివాను కూడా. సరేనని ఇంకొక కంపెనీ డిస్కు తెప్పించాను. అదీ అంతే. ఇంకొకటి. అదీ అంతే. పాత డిస్కులు తీసి వింటే చిత్రంగా అవి కూడా అలాగే ఉన్నాయి. ఉప్పుగాలికి చెడిపోయాయని తేల్చేసుకున్నాను.

ఏడో డిస్కు లోపలి కాగితం మీద, పాత రికార్డులో ఉన్నది ఉన్నట్టే ఎక్కించామనీ, గరగరను అసలు ముట్టుకోలేదనీ గొప్పగా రాశారు. పెట్టి విన్నాను. బావిలో చెవి పెట్టినట్టుంది. ఇంత పచ్చి అబద్ధమా అని ఆ కంపెనీకి ఒక మెయిల్ పంపాను, మర్యాదగానే, అభ్రకం ఆఫీసులో నేర్చుకున్న ఇంగ్లీషులో. వాళ్ళూ మర్యాదగానే జవాబిచ్చారు. తామేమీ తీసేయలేదని, వీలైతే ప్లేయర్ ఒకసారి చూపించుకోమని. నెల్లూరు నుంచి మెకానిక్కును పిలిపించాను. అతను ముల్లు మార్చి, బెల్టు మార్చి, ప్లేయర్ దివ్యంగా ఉందని చెప్పి వెళ్ళాడు. నా మంచి ముల్లు పట్టుకుపోయి వేరేది బిగించాడేమోనని ఒక వారం ఆలోచించాను.

నేను వీళ్ళందరినీ అనుమానిస్తుంటే మా ఆవిడ నన్ను అనుమానిస్తోంది. టీవీ సౌండు పక్కింటికి పోతోందని, ఒక మాట రెండుసార్లు చెప్పించుకుంటున్నానని. పోరు పడలేక నెల్లూరు వెళ్ళి చెవుల పరీక్ష చేయించుకున్నాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. అద్దానికి అవతల ఒక అమ్మాయి శబ్దాలు పంపుతుంది, వినపడగానే నేను బొత్తాం నొక్కాలి. శబ్దం పంపకుండానే పంపినట్టు నటించి నన్ను బోల్తా కొట్టిస్తుందేమోనని ఆ అమ్మాయిని కనిపెట్టుకుని ఉన్నాను. పంపిన ప్రతిసారీ ఆమె మోచెయ్యి కాస్త కదులుతోంది. మోచెయ్యి కదలగానే నేను నొక్కుతూ పోయాను. మోసం చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు, జాగ్రత్తగా ఉన్నాననే అనుకున్నాను. వయసుకు తగ్గట్టు చెవులు బాగానే ఉన్నాయని రాసిచ్చారు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మా ఆవిడకు కనపడేలా టీవీ పక్కన నిలబెట్టాను.

ఇక కంపెనీవాళ్ళ సంగతి తేల్చాలి. నా మాట నమ్మరు కాబట్టి సాక్షులు కావాలి. విడవలూరు బ్యాండులో ట్రంపెట్ ఊదే ఆయన ఒకరు నాకు తెలుసు. పెళ్ళి ఊరేగింపులో ఆయన వాయిద్యం విని నేనే వెళ్ళి పలకరించాను. ముప్పై ఏళ్ళుగా ఊదుతున్న మనిషి, ట్రంపెట్ గురించి ఆయన్ను మించిన సాక్షి మా వైపు దొరకడు. ఒక ఆదివారం పొద్దున రమ్మన్నాను. రెండో సాక్షి మా ఆవిడ. ఆ వారమే పక్క గుంటల్లో రొయ్యల పట్టుబడి అయిపోయి ఏరియేటర్లు ఆపేశారు, ఊరంతా నిశ్శబ్దంగా ఉంది.

ఇద్దరినీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. ఒకరినొకరు చూసుకోకుండా మధ్యలో బీరువా తలుపు తెరిచి అడ్డం పెట్టాను. డిస్కులోంచి ఏ చిన్న చప్పుడు వచ్చినా చెయ్యెత్తాలి, మాట్లాడకూడదు. పాట మొదలయ్యేదాకా వీళ్ళిద్దరి చేతులూ లేవవని, గరగర కడిగేశారని దాంతో రుజువైపోతుందని నా లెక్క. మెయిల్‌లో ఏం రాయాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

ముల్లు ఆనించాను. రెండు చేతులూ లేచాయి.

ముల్లు ఎత్తాను, చేతులు దిగాయి. ఊరికే ఆనించినట్టు నటించాను, చేతులు లేవలేదు. మళ్ళీ నిజంగా ఆనించాను, రెండూ ఒక్కసారే లేచాయి. నా చెవుల్లో మాత్రం ఏ చప్పుడూ లేదు. డిస్కు తిరుగుతోంది, ముల్లు దాని మీదే ఉంది, పాట ఇంకా మొదలవలేదు.

విడవలూరు ఆయన నిబంధన మర్చిపోయి మాట్లాడేశాడు. "ఈ గరగర మంచిగా ఉండాది సార్. దీన్ని తీసేసుంటే పాట పాడైపొయ్యుండేది. తియ్యకుండా మంచి పని చేసినారు."

బీరువా తలుపు పక్కనుంచి మా ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. వెక్కిరింపు లేదు ఆమె ముఖంలో. "దోసె పెనం మీద నీళ్ళు చల్లినట్టు ఉండాదే, మీకు వినపళ్ళేదా?" అంది.

వినపడుతోందన్నాను. ఇంతలో ట్రంపెట్ మొదలైంది. ఆయన కళ్ళు మూసుకుని, మోకాలి మీద మూడు వేళ్ళూ మీటలు నొక్కినట్టు ఆడిస్తూ వింటున్నాడు. ఒకచోట వేళ్ళు ఆగిపోయాయి. ఊదినవాడు అక్కడ పై స్వరం ఒకటి సన్నంగా లాగాడనీ, అలా లాగడం తన వల్ల ఈ జన్మలో కాదనీ చెప్పాడు. ఆయన చెప్పిన చోట నాకు వెనకాల డప్పు తప్ప ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు ఆ చోటు కోసమే నేను ఆ పాట విన్నాను. నాకు ముందు సిగ్గేసింది, తర్వాత దుఃఖం వచ్చింది. ఆయనకు కాఫీ ఇమ్మనే నెపంతో ఇద్దరినీ వంటింటివైపు పంపించి, ఒక్కణ్ణే కాసేపు ఏడ్చాను. కంపెనీలను, మెకానిక్కును, గాలిని, చివరికి పరీక్ష చేసిన అమ్మాయిని కూడా అనుమానించాను గానీ నా చెవులను అనుమానించాలని ఒక్కసారి కూడా తోచలేదు.

నెల్లూరు మళ్ళీ వెళ్ళాను. ఈసారి కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ పంపనట్టే అనిపించింది, కళ్ళు తెరిచేసరికి పరీక్ష అయిపోయిందంది. కింది శబ్దాలు పర్వాలేదట, పై శబ్దాలు పోయాయట, పోయినవి తిరిగి రావట. చెవికి యంత్రం ఇచ్చారు. దాంతో మా ఆవిడ మాటలు బాగా వినపడతాయి, ట్రంపెట్ మాత్రం రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. అందుకని డిస్కు పెట్టేటప్పుడు తీసి పక్కన పెడతాను. కంపెనీకి క్షమాపణ చెబుతూ మెయిల్ పంపాను గానీ కారణం రాయలేదు. అంత ధైర్యం రాలేదు.

ఎనిమిదో డిస్కు తెప్పించలేదు. ఉన్నవాటినే మధ్యాహ్నం భోజనాలయ్యాక పెడుతున్నాను. ఈ మధ్య మా ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చుంటోంది. ఆమెకు ఈ పాటలు నచ్చవు, నచ్చినట్టు నటించదు కూడా. ఎందుకు కూర్చుంటున్నావని అడిగితే, ఫ్యాను కింద చల్లగా ఉంటుందని చెప్పింది.

ఆ పాట చివర బ్యాండంతా ఆగిపోయి ట్రంపెట్ ఒక్కటే మిగులుతుంది. పై స్వరం పట్టుకుని సన్నబడుతూ, సన్నబడుతూ పోతుంది. నాకది మధ్యలోనే తెగిపోతుంది. ఎక్కడ తెగిందో, అసలు ఎక్కడ అయిపోతుందో నాకు తెలియదు. మొన్న అక్కడికి రాగానే, అయిపోయిందా అని అడిగాను.

"లేదు," అంది. "ఇంకా ఊదతానే ఉండాడు."

కాసేపాగి మళ్ళీ అడిగాను. ఇంకా ఉందంది. నా చూపు డిస్కు మీద పడింది. నల్లటి గీతలన్నీ దాటి, ముల్లు మధ్యనున్న నున్నటి ఖాళీ జాగాలోకి జారింది. డిస్కుకు ఆ వైపు చివరి పాట అదే, కానీ అక్కడి దాకా రాదు. ముల్లు అక్కడికి చేరిందంటే పాట అయిపోయినట్టే. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

"ఇంకా ఉండాదా?" అన్నాను.

"ఇంకా ఉండాది," అంది.

నేను ముల్లు ఎత్తలేదు. ఆమె చాలు అనేదాకా అలాగే కూర్చుని విన్నాను.