సాంచాల గొంతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ చేతనయ్యేది కాదు. సిరిసిల్లలో మాది సాంచాల ఇల్లు. మరమగ్గాలను మావైపు సాంచాలంటారు. ముందు గదిలో నాలుగు సాంచాలు, వెనక గదిలో మేము. అవి ఆడుతున్నంతసేపూ పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. ఏదైనా చెప్పాలంటే గొంతు చించుకోవాలి, లేదంటే గొంతే తీయకుండా పెదవులు కదిపి చెప్పాలి. మా బాపు సాంచాల మధ్య నిలబడి ఉంటే, నూలు కండెలు చుట్టే అమ్మ గడపలోంచే పెదవులతో 'తిన్నవా' అని అడిగేది. ఆయన కూడా అక్కడి నుంచి అట్లాగే జవాబిచ్చేవాడు. పిల్లలమైన మాకు కూడా అది మాటలతో పాటే వచ్చేసింది. చిక్కల్లా కరెంటు పోయినప్పుడే. సాంచాలు ఆగినా మా గొంతులు ఆగేవి కావు. కొత్తగా వచ్చిన చుట్టాలు లోపల ఏదో కొట్లాట జరుగుతోందనుకుని చెప్పులు విప్పకుండా వాకిట్లోనే నిలబడిపోయేవాళ్లు.

మా అక్క నాకంటే బాగా పెద్దది. చదువంటే ప్రాణం. డిగ్రీ అయ్యాక పట్నంలో పెద్ద యూనివర్సిటీలో సీటు వచ్చి హాస్టల్లో చేరింది. చేరిన మూడు నెలలకే దసరా సెలవులకు వచ్చి, ఇక పోనంది. ఎందుకని అడిగితే చెప్పదు. తిండి బాగుండదా అంటే బాగుంటుందనేది. చదువు రావడం లేదా అంటే అదీ కాదు. "పోనంటె పోనియ్యి, ఈడ్నె కండెలు చుట్టుకుంటది" అని బాపు విసుక్కున్నాడు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "నేను ఎంబడి పోయి చూసొస్త. నాక్కూడ మంచిగ అనిపియ్యకుంటె అటే తోలుకొస్త" అంది. ఆడపిల్లల హాస్టల్లోకి మగవాళ్లను రానివ్వరు కాబట్టి బాపు ఆగిపోయాడు. నేను ఏడ్చి గోల చేసి బస్సెక్కాను.

ఆ యూనివర్సిటీ ఎంత పెద్దదంటే, గేటు నుంచి హాస్టలుకు నడిచేసరికి నా కాళ్లు పడిపోయాయి. దారి పొడుగునా చెట్ల కింద గుంపులు గుంపులుగా అబ్బాయిలు, అమ్మాయిలు. హాస్టల్లో కిటికీ ఊచలన్నింటికీ చున్నీలు ఆరేసి ఉన్నాయి. నల్లాల దగ్గర పేర్లు రాసిన బకెట్లు వరసలో ఉన్నాయి. అక్క గదిలో అమ్మాయిలంతా ఒకే మంచం మీద చేరి, ఒకే గిన్నెలోంచి మురమురాలు తింటూ గుసగుసగా ముచ్చట్లాడుకుంటున్నారు. అంత కలివిడిగా ఉన్న చోటు మా అక్కకు ఎందుకు నచ్చలేదో నాకు అర్థం కాలేదు. అంతలో వాళ్లలో ఒకమ్మాయి తలెత్తి చూసి, "మైకొచ్చిందే!" అంది. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. అక్క కూడా నవ్వినట్టు చేసింది. కానీ గొంతు పెద్దదని మూడు నెలలుగా అదే పేరుతో పిలిపించుకుని, అక్క అక్కడ నోరు తెరవడమే మానేసిందని అప్పుడే తెలిసింది.

అమ్మ అదేమీ పట్టించుకోనట్టు గడపలోంచే పలకరించింది. "ఏం బిడ్డలూ, అందరు మంచిగున్నరా?"

ఆ గొంతు వరండా చివరిదాకా పోయి ఉంటుంది. పక్క గదుల్లోంచి ఇద్దరు ముగ్గురు తలలు బయటపెట్టారు. మంచం మీద ఒకమ్మాయి దిండులో ముఖం దాచుకుని నవ్వింది. అక్క ముఖం ఎర్రబడింది. నాకైతే భూమి చీలితే బాగుండుననిపించింది. మా అమ్మ గొంతు పెద్దదని అంతకుముందు నాకు తెలియనే తెలియదు. నేను అమ్మ కొంగు గుంజి, "అమ్మా, మెల్లగ మాట్లాడు. నవ్వుతుండ్రు" అన్నాను. అమ్మ నా వైపు చూసింది, అక్క వైపు చూసింది, నోరు మూసుకుంది.

ఆ తర్వాత అమ్మ గొంతు వినిపించలేదు. అక్క బట్టలు తనే మడతపెట్టింది, మంచం కింద ఊడ్చింది. ఏం కావాలన్నా పెదవులతో అడిగింది, అక్క పెదవులతోనే చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నాకు ధైర్యం వచ్చింది. ఇట్లా సాయంత్రం బస్సెక్కేదాకా గడిచిపోతే చాలనుకున్నాను.

మధ్యాహ్నం మెస్సుకు పోయాం. అది ఆదివారం. కోడికూర, తీపికి డబల్ కా మీఠా. హాలంతా పళ్లేల చప్పుడు. పొడవాటి బల్లల దగ్గర ఒకరి భుజం ఒకరికి తగిలేటట్టు కూర్చుని తింటున్నారు. 'కూర ఇంకింత ఏస్కో, చిక్కిపోయినవ్' అని అమ్మ పెదవులతో అక్కకు చెబుతోంది. ఎదురుగా కూర్చున్న కళ్లద్దాల అమ్మాయి వేరే గదిలో ఉండే పిల్ల. చాలాసేపు అమ్మనే చూసి, అక్క వైపు వంగి ఎంతో నెమ్మదిగా అడిగింది.

"మీ అమ్మకు మాటలు రావా?"

అక్క తల దించుకుంది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. అమ్మ ఒక్క క్షణం అక్క ముఖంలోకి చూసి, ఆ అమ్మాయి వైపు తిరిగి నవ్వింది. నోటి దగ్గర చెయ్యి పెట్టి, రావన్నట్టు తిప్పింది.

ఆ అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన మీఠా ముక్క తీసి అమ్మ పళ్లెంలో పెట్టింది. అమ్మ దండం పెట్టినంత పని చేసి, దాన్ని నా పళ్లెంలో వేసింది. నేను తిన్నాను. ఉన్న సంగతి చెప్పాలంటే నాకు అప్పుడు బాధే కలగలేదు. హమ్మయ్య అనిపించింది. మూగదైతే ఎవరూ నవ్వరు కదా అనుకున్నాను.

అక్క అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. దించిన తల అట్లాగే ఉంది గానీ, కన్నీళ్లు పళ్లెంలో పడుతున్నాయి. ఉన్నట్టుండి బెంచీ వెనక్కి నెట్టి లేచి నిలబడింది.

"మా అమ్మకు మాటలొస్తయి! సాంచాల కాడ నాలుగిండ్లకు ఇనొస్తది మా అమ్మ గొంతు. నా గొంతు మా అమ్మదే!"

హాలంతా తిరిగి చూసింది. పళ్లేల చప్పుడు కూడా ఆగింది. నేను బల్ల కిందికి జారిపోబోయాను. అమ్మ మాత్రం కూర్చున్న చోటు నుంచే తన మామూలు గొంతుతో, "గట్లనే గని, ముందుగాల కూసొని తిను బిడ్డా, బువ్వ సల్లారుతుంది" అంది. ఆ చివర ఎవరో ఫక్కున నవ్వారు. చాలామందే నవ్వారు. అక్క కళ్లు తుడుచుకుని, తనూ నవ్వి, కూర్చుని తిన్నది. కళ్లద్దాల అమ్మాయి మాత్రం నవ్వలేదు. పాపం, తనేదో తప్పు చేసినట్టు ముఖం చిన్నబుచ్చుకుంది. అమ్మ లేచి వెళ్లే ముందు ఆమె భుజం తట్టింది.

సాయంత్రం గేటు దగ్గర, ఉంటావా వస్తావా అని అమ్మ అడగలేదు. అక్కే చెప్పింది, ఉంటానని. ఆ పేరు పోలేదు. చదువు అయిపోయేదాకా మైకనే పిలిచారట. అక్క పలికిందట.

బస్సులో నేను అమ్మకు ఆనుకుని, "నేను మెల్లగ మాట్లాడుమన్ననని కోపమొచ్చిందా?" అని అడిగాను. "నువ్వు మెల్లగ మాట్లాడుమన్నవంతె గదనే, మూగదాన్నని జెప్పింది నేనే" అని అమ్మ నా తల నిమిరింది. బస్సంతా విన్నది. ఈసారి నేను కొంగు గుంజలేదు.

ఇప్పుడు అమ్మ లేదు. అక్కా నేనూ కలిసినప్పుడు ఆ రోజు ముచ్చట వస్తుంది. అక్క కడుపుబ్బ నవ్వుతుంది. లేచి నిలబడింది కాబట్టి తన సిగ్గు ఆ హాల్లోనే దిగిపోయింది. నేను కూర్చునే ఉన్నాను. ఎక్కడైనా భోజనాల దగ్గర ఎవరి తల్లైనా పెద్ద గొంతుతో మాట్లాడితే, పక్కనున్న పిల్లలు కళ్లతో వారిస్తుంటే, నాకు అన్నం ముద్ద మింగుడుపడదు. మా అమ్మ తన నోరు తానే కట్టేసుకుంటే, దానికి జాలిపడి ఎవరో పెట్టిన తీపిని తిన్నది నేను. అది బాగుందని కూడా అనుకున్నాను.