సాన్ సాన్ కంచం

నాకు తొమ్మిదేళ్లప్పుడు... యాంగన్‌లో మేం చదివిన కాన్వెంటులో మధ్యాహ్నం గంట రెండుసార్లు మోగేది. మొదటి గంటకి ఒక బంతి, రెండో గంటకి ఇంకో బంతి. సముద్రం అవతలి దొరసానులు పంపే సాయంతో పేద పిల్లలకి అన్నం, పప్పు... పుస్తకాలు కూడా. ఒక్కో పిల్లకి ఒక్కో దొరసాని, పేరు రాసిన ఒక్కో సత్తు కంచం.

నా పక్కన కూర్చునే పైడమ్మకి మాత్రం రెండు కంచాలు.

మా మింగళ తౌంగ్‌న్యున్ పేట తెలుగువాళ్లలో చాలామందికి రెండేసి పేర్లు... ఇంట్లో పిలిచేది ఒకటి, బడిలో రాసే బర్మా పేరు ఒకటి. పేద పిల్లల జాబితా ఒకసారి ఇళ్లకి తిరిగి రాశారు, ఇంకోసారి బడి హాజరుపట్టీ చూసి రాశారు. మిగతావాళ్లవి సరిచూసుకున్నారు గానీ పైడమ్మది తప్పిపోయింది. పైడమ్మకి ఒక దొరసాని దొరికింది. తన బడి పేరు సాన్ సాన్‌కి ఇంకో దొరసాని దొరికింది.

జాబితా చూసే పెద్ద సిస్టర్ మన తెలుగామే, కానీ ఆఫీసు గది దాటి వచ్చేది కాదు. వడ్డించే అక్క కంచాన్నే చూసేది, మొహం చూసేది కాదు.

మొదటి బంతిలో పైడమ్మ తినేది. రెండో బంతిలో సాన్ సాన్ కంచం పట్టుకెళ్లి, ఆ అన్నం డబ్బాలో వంపుకుని, దగ్గుతో మంచం పట్టిన వాళ్లమ్మకి తీసుకెళ్లేది.

“ఓలే, ఇప్పుడు నువ్వు తెలుగు గుంటవా, బర్మా గుంటవా?” అని పిల్లలు ఏడిపించేవాళ్లు.

“ఆకలేసిన గుంటని” అనేది.

నా దస్తూరీ బాగుంటుందని దొరసానులకి ఇంగ్లీషు ఉత్తరాలు నాచేతే రాయించేవారు. పైడమ్మకి లెక్కలంటే ఇష్టమనీ, సాన్ సాన్‌కి పువ్వులంటే ఇష్టమనీ రాసేదాన్ని. ఇద్దరి ఉత్తరాల్లోనూ అమ్మ దగ్గు మాత్రం ఒకటే.

“సాన్ సాన్‌కి ఓ పిల్లి ఉన్నాదని రాయే” అంది ఒకసారి పైడమ్మ. వెంటనే నాలిక కరుచుకుంది. “వద్దులే... దానికి మూడో కంచం అడగాల.”

నాకు కంచం లేదు. మా నాన్న బజారులో బస్తాలు మోసేవాడు, నేను ఇంటినుంచి డబ్బా తెచ్చుకునేదాన్ని.

ఆ ఏడు వానల్లో సైనిక ప్రభుత్వానికి ఎదురు తిరిగి బౌద్ధ సన్యాసులు వీధుల్లో బారులు తీరి నడిచారు. తర్వాత కాల్పులు... కర్ఫ్యూ... ఇంటర్నెట్టు పోయింది, ఫోన్లు పోయాయి. బజారు మూతపడింది. నాన్న ఇంట్లో కూర్చున్నాడు. నేను డబ్బా తేవడం మానేశాను. అందరూ తింటుంటే వరండాలో పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని... పేజీలు తిప్పుతూ.

నాలుగో రోజు ఆఫీసు గదికి వెళ్లాను.

“నా పేరూ రాయండి సిస్టర్.”

“రాసి ఎక్కడికి పంపాలమ్మా? లైన్లన్నీ కోసీసినారు. ఉన్న పేర్లకే బియ్యం ఉన్నాది. కొత్త పేరెక్కాలంటే పాతది కాళీ అవ్వాల.”

గుమ్మం దాకా వెళ్లి ఆగాను.

“పైడమ్మా సాన్ సానూ ఒకతే, సిస్టర్.”

మర్నాడు మొదటి బంతిలో పెద్ద సిస్టర్ స్వయంగా వచ్చింది. రెండు కంచాలూ చేతికిచ్చి పైడమ్మని అందరి ముందూ నిలబెట్టింది.

“ఏ పేరు నీది? ఒకటి సెప్పు.”

“రెండూ నావే సిస్టర్. ఒకటి అమ్మెట్టింది, ఒకటి బడిలో ఎట్టినారు.”

“రెండు పొట్టలతో పుట్టేవేటే?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“ఒకటి నాది సిస్టర్... ఒకటి మాయమ్మది.”

పప్పు చల్లారేదాకా నిలబెట్టారు. చివరికి పైడమ్మ సాన్ సాన్ కంచం బల్లమీద పెట్టింది. సిస్టర్ దాన్ని తీసి నా చేతికిచ్చింది. “నిజం సెప్పిన పిల్ల తింటాది.”

తిన్నాను. మళ్లీ వడ్డించమని కూడా అడిగాను.

అప్పటినుంచి పైడమ్మ నన్ను సాన్ సాన్ అనే పిలిచేది. కోపంగా కాదు... మామూలుగా. “సాన్ సాన్, కాస్త జరగవే.” సాన్ సాన్ దొరసానికి పంపే ఫొటో రోజున నా బుగ్గలకి దట్టంగా తనకా పూశారు. ఆ చందనంలాంటి పూతలో ఏ పిల్లయినా ఒకేలా ఉంటుంది.

వానలు తగ్గేసరికి పైడమ్మ వాళ్లమ్మ పోయింది. దగ్గుతో పోయిందన్నారు. తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. పైడమ్మ తాకేటాలో ఏదో కుట్టుపనికి కుదిరింది, మళ్లీ బడికి రాలేదు.

ఉత్తరాలు మళ్లీ మొదలయ్యాక సాన్ సాన్ దొరసాని అడిగింది... మీ అమ్మ దగ్గు ఎలా ఉందమ్మా అని.

“తగ్గిందని రాసీయ్” అంది సిస్టర్.

మా అమ్మ బాగానే ఉంది, చక్కగా ఉంది అని రాశాను. మా అమ్మ నిజంగానే బాగుంది. ఇంకో మూడేళ్లు ఆ కంచంలోనే తిన్నాను, ఆ పుస్తకాలే చదువుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది కూడా ఆ చదువుతోనే.

ఇప్పుడు మళ్లీ అలాంటి రోజులే... కానీ మా వీధి చివర అన్నం పెట్టేవాళ్లు ఎవరి పేరూ అడగరు. ఈ రోజుల్లో పేరు రాసుకుంటే, ఆ కాగితం సైన్యం చేతిలో పడితే, రాసినవాళ్లకీ చెప్పినవాళ్లకీ ముప్పే. గిన్నె పట్టుకుని వస్తే పెడతారు. రెండోసారి వస్తే రెండోసారీ పెడతారు. అప్పుడు కూడా ఇలా ఉండి ఉంటే...

చిన్నప్పుడు మీరు ఎవరి వాటా తిన్నారో గుర్తుందా? ఉంటే కింద రాయండి... వాళ్ల అసలు పేరుతో పిలుచుకుంటూ.