మా అత్తగారు నేర్పిన ఊక మంట

పనికిమాలిన మాటను లోకం ఊకదంపుడు అంటుంది. ఆ మాట పుట్టించినవాడు ఊకతో ఎన్నడూ వంట చేసి ఉండడు. మా అత్తగారిని అసలే చూసి ఉండడు.

మా నరసాపురం వైపు అడవి లేదు. కలప తెప్పలు కట్టుకుని గోదావరి మీద రాజమండ్రి దాకా దిగాలి, అక్కణ్ణించి పడవలెక్కి కాలువ వెంట మా దాకా రావాలి. అంత దూరం వచ్చిన కట్టెలు కలిగినవాళ్ళ వంటిళ్ళకే పోయేవి. మా బోటివాళ్ళం పిడకలు, తాటాకులు, కొబ్బరి మట్టలు, ఊక, వీటితోనే నెట్టుకొచ్చాం. ఒక్కోదాని గుణం అత్తగారికి తెలుసు. తాటాకు మంట కోపిష్టి మొగుడట, భగ్గున లేచి చప్పున చల్లారుతుంది. పిడక నిదానస్తురాలు. ఊక మాత్రం బతిమాలించుకునే రకం.

ఊకను ఆవిడ బతిమాలే తీరు చూసి తీరాలి. అడుగున పక్కగా కన్నం పెట్టిన పాత బానలో నడుమ రోకలి నిలబెట్టేవారు. కన్నంలో ఇంకో కర్ర దూర్చి, చుట్టూ ఊక కూరి, రెంటినీ మెల్లగా బయటికి లాగేవారు. గాలి పోవడానికి దారి మిగిలేది. కింద నిప్పు పెడితే పొగ లేకుండా పూట వంట అయిపోయేది. "నిప్పుకీ మనలాగే ఊపిరి కావాలే పిల్లా. కింద నుంచి ఇస్తే పైకి లేస్తుంది" అనేవారు.

మా బతుకు వడ్లు దంచడం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ నేనూ అత్తగారూ కలిసి ఆరుగురం. కూలి కింద నూకలూ తవుడూ ఊకా ఇచ్చేవారు. మా ఆయన పడవ లాగే పనిలో నెలల తరబడి కాలువల మీదే ఉండేవారు కాబట్టి ఇల్లు మా రోకళ్ళ మీదే నడిచేది. తాగిన గంజి భుజాల్లోకి పోయేది, భుజాల బలం రోకట్లోకి, రోకలి పోటు వడ్ల మీదకి. రాలిన ఊక మంటై మళ్ళీ గంజి కాచేది. శక్తి పుట్టదనీ, చావదనీ, రూపం మారుతుందనీ మా మనవడు ఈమధ్య బడి పుస్తకం చదివి వినిపిస్తే నవ్వొచ్చింది. ఆ పాఠం నేను పుస్తకం లేకుండానే చదివాను. గంజి పలచనైతే ఆ లోటు ఒంట్లోంచే ఇచ్చుకోవాలని మాత్రం వాడి పుస్తకంలో లేదు. నేను చెప్పబోయే ఏటికి రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. రెండుసార్లూ రోటి దగ్గరే నొప్పులొచ్చాయి. ఆ ఏడు మూడోది, నాలుగో నెల. దంచితే ఈ బిడ్డా దక్కదేమోనని భయం. మానితే ఎసట్లో పోయడానికి గింజ ఉండదు.

ఆ ఏడే ఒక కామందు కాలువ గట్టున ఆవిరి ఇంజనుతో బియ్యం మిల్లు పెట్టారు. మా గిన్నె మూతను ఎగరేసే ఆవిరే అంత ఇనప చక్రాన్ని గిరగిరా తిప్పుతుంటే నోరు తెరుచుకుని చూశాను. భయమేసింది, ముచ్చటా వేసింది. అయితే దాని తిండి కట్టెలు. వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేయగానే కట్టెల పడవలు ఆగాయి, మిల్లూ ఆగింది. అన్నాళ్ళూ ఆడించిన వడ్ల ఊక పక్కనే కొండలా పడి ఉంది. వడ్ల బస్తాలు మళ్ళీ మా రోళ్ళ దగ్గరికి వచ్చాయి. దేవుడు మనవైపే ఉన్నాడని మా వాళ్ళు సంబరపడ్డారు.

ఒక ఉదయం నేనూ అత్తగారూ ఊక తెచ్చుకోవడానికి మిల్లుకి వెళ్ళాం. అక్కడ నిప్పు వేసే మనిషి ఇంజను పొయ్యిలోకి తట్టలకు తట్టలు ఊక గుమ్మరిస్తున్నాడు. మంట చచ్చి పొగ కమ్మేసింది. అత్తగారు ఫక్కున నవ్వారు.

"ఏంటి మామ్మా, నవ్వుతున్నావు?" అన్నాడతను కళ్ళు తుడుచుకుంటూ.

"నవ్వక ఏం చెయ్యను నాయనా? మొహం మీద దుప్పటి కప్పేసి లేచి పరిగెత్తమంటున్నావు."

నేను ఆవిడ చెయ్యి గిల్లాను. విదిలించుకున్నారు. అక్కడే ఉన్న కామందుగారు దగ్గరికొచ్చారు.

"దీన్ని మండించడం నీకు తెలుసా అమ్మా?"

"తెలుసండి. ఊరికే చెప్పనండి."

"ఏం కావాలేంటి?"

"మీ మిల్లు తిరిగితే మా రోళ్ళు మూలపడతాయండి. దంచేవాళ్ళం ఆరుగురం. ఆరుగురికీ కూర్చుని బియ్యం చెరిగే పని ఇప్పించండి."

"అంతమంది నాకెందుకు? ఒక్కరికిస్తాను."

"పోనీ ముగ్గురికండి."

"ఒక్కరికే. కాదంటావా, కాలువకి నీళ్ళు వదిలేదాకా ఆగుతాను. కట్టెలు అవే వస్తాయి."

మిల్లు ఇవాళ కాకపోతే రేపైనా తిరుగుతుందని ఆవిడకి అర్థమైంది. చాలాసేపు ఊక గుట్ట వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"సరేనండి. మా కోడలికివ్వండి."

అప్పుడు పొయ్యి ముందు చతికిలబడ్డారు. పేరుకున్న బూడిద గోకించారు. గుప్పెడు గుప్పెడుగా ఊక పలచగా చల్లి మంట లేపి చూపించారు. ఇనప రేకులు మెట్లలా అమర్చితే ఊక వాటిమీద జారుతూ మండుతుందనీ, మెట్ల సందుల్లోంచి గాలి ఆడుతుందనీ కమ్మరికి నేల మీద గీసి చెప్పారు. రేకులు అమర్చిన రోజు పొయ్యి హోరుమంది, చక్రం తిరిగింది. అక్షరం ముక్క రాని మనిషి అంత యంత్రానికి అన్నం తినడం నేర్పింది. నాకు అక్కడికక్కడే ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

నెల తిరక్కుండా రోకళ్ళు ఆగిపోయాయి. నేను మిల్లులో కూర్చుని బియ్యం చెరిగాను. అత్తగారు ఊరంతా తిరిగి పేడ ఏరి పిడకలు చేసి అమ్మారు. మిగతా నలుగురూ కూలికి దూరపు ఊళ్ళు పట్టుకు తిరిగారు. ఒకరోజు నూతి దగ్గర వాళ్ళలో ఒకావిడ అందరూ వినేట్టే అంది:

"కోడలికి నీడపట్టు పని కోసం మా నోట్లో మట్టి కొట్టింది."

అత్తగారు చేద లాగుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక నేను ఏడ్చేశాను.

"ఆరుగురికీ అడిగారని చెప్పండి అత్తయ్యా. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

"నోరు మూసుకో. ఆరు అడిగాను, ఒకటి తెచ్చాను. అడిగానని చెప్తే వాళ్ళ పిల్లలకి కూడొస్తుందా? తిట్టుకోనీ."

నాకు కొడుకు పుట్టాడు. నిలిచాడు. మా వైపు నూతి దగ్గర ఎవరి బిందె నిండినా పక్కనున్నవాళ్ళు ఓ చెయ్యి వేసి తలకెత్తడం వాడుక. అత్తగారు కన్నుమూసేదాకా, నేను మిల్లులో ఉన్న వేళల్లో, ఎవరూ చెయ్యి వెయ్యని నిండు బిందె పక్కన పెట్టుకుని నా కోసం కూర్చుని ఉండేవారు.