ఉద్దనపల్లిలో ముళ్ళు లేని ఆముదం

ఆ ఏడు మా ఊళ్ళో నలుగురు రైతులు నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవారు. అంతకు రెండేళ్ళ ముందు ఉద్దనపల్లి మునెమ్మ నాకు పిడికెడు ముళ్ళు లేని ఆముదం విత్తనాలు ఇచ్చింది. మొదటి పంటలో కాయలన్నీ నున్నగా వచ్చాయి. వలిచేటప్పుడు మా ఆవిడ వేళ్ళకు ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు. సంబరపడి ఆ పంట విత్తనాలనే నలుగురికీ పంచాను. వాళ్ళ చేలల్లోనూ నా చేలోనూ దాదాపు అన్నీ ముళ్ళ కాయలే వచ్చాయి. మోసం చేశానన్నారు. నాకే అర్థం కానిది వాళ్ళకేం చెప్పను? మునెమ్మనే అడుగుదామని బయలుదేరాను.

అరవైల మొదట్లో సంగతి ఇది. కృష్ణగిరిలో పొద్దున ఏడింటి బస్సెక్కి రాయకోటలో దిగి, హోసూరు బస్సు కోసం గంటన్నర కూర్చున్నాను. రెండు టికెట్లూ కలిపి రూపాయి దాటలేదు. కండక్టరు నా సంచిలోకి తొంగి చూసి, "ఆముదం గెలను యాడికి తీస్కపోతావప్పా?" అన్నాడు.

"ఉద్దనపల్లికి. దీని సంగతి అడగాల" అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నేను పోయేసరికి మునెమ్మ చేలోనే ఉంది. యాభై దాటిన మనిషి. పూతకొచ్చిన గెలలకు పాత చీర గుడ్డతో కుట్టిన సంచులు కడుతోంది. నేను తెచ్చిన ముళ్ళ గెలను ఆమె ముందు పెట్టాను.

"అక్కా, నువ్విచ్చింది మంచి విత్తనమేనా?"

"మంచిదేనప్పా. నీ పక్క చేలో ఏముండె?"

"ముళ్ళ ఆముదమే."

"దాని పుప్పొడి గాలికొచ్చి నీ పూత మీద పడింటుంది. కాయ నున్నగానే ఉంటుంది, లోపల గింజలో ఆ ముళ్ళ జాతి కలిసిపోతుంది. అందుకే నేను గుడ్డ కట్టేది."

మాట్లాడుతూనే ఒక చెట్టు దగ్గర ఆగింది. పిందె మీద మెత్తటి ముళ్ళు నాకు చూపించి, కొడవలితో చెట్టును మొదలంటా నరికేసింది. ఆరేళ్ళుగా ఇట్లే ఏరుతోందట. "ఇంకా ఒకటీ అరా వస్తానే ఉంటాయి" అంది.

"అయితే మా ముళ్ళ చెట్ల గింజలు గానుగకు పంపిస్తాను."

"వద్దప్పా, నాటు! నాలుగింట్లో ఒకటి నున్నగా వస్తుంది. దాన్ని పట్టుకో."

నాకు బుర్ర తిరిగింది. నున్న చెట్టు గింజ ముళ్ళవుతుంది, ముళ్ళ చెట్టు గింజ నున్నగా వస్తుందా? "అదెట్లక్కా?"

"నాకేం తెలుసు? చూసింది చెప్పినాను."

సంగటి, అనపగింజల పులుసు పెట్టింది. తింటూ మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది.

ఊరికొచ్చి నలుగురికీ చెప్పాను. ముగ్గురు గింజల్ని గానుగాడించేశారు. చిన్నప్ప ఒక్కడు, "నమ్మకమైతే లేదు, నాటి చూస్తా" అన్నాడు. మరుసటేడు అతనే వచ్చి నా చెయ్యి పట్టుకుని చేలోకి లాక్కుపోయాడు. ముళ్ళ గెలల మధ్య అక్కడక్కడా నున్నటి గెలలు. "చూడన్నా" అన్నాడు. ఏడాది తర్వాత అతని నోట అన్నా అన్న మాట విన్నాను.

ఆ నునుపు ముళ్ళ చెట్టులో యాడ దాక్కుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మునెమ్మకూ తెలియదు. అయినా ఆమె తెలియదని ఊరుకోలేదు, ఏటేటా చేలోకి పోయి చూసింది. విత్తనం కోసం అటు పోయేవాళ్ళు కాయలు ఎండాక కాదు, పూత మీదున్నప్పుడు పోండి. ఏ చెట్టును ఉంచుతున్నారో, దేన్ని నరుకుతున్నారో కళ్ళారా చూడొచ్చు.