తలుపు రెక్క ఉయ్యాల

మా అత్తమ్మ పోయింది. ముసురు పట్టిన రోజు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోదామని బండి కట్టేలోపే కన్ను మూసింది. సూర్యాపేటలో మా గడప తొక్కి, ఆమె చేతి వక్కాకు వేసుకోకుండా వెళ్ళినవాళ్ళు లేరు కనుక ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలనిపించింది. మంచి మాటలే చెప్తాను గానీ దేవత అని మాత్రం అనను. అంటే పైనుంచే "ఇగ సాలు తియ్యి" అంటుంది.

నోరు పెద్దది ఆమెది. "అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు" అని సామెత చెప్పి, "మనమిద్దరం ఉంటిమి. ఇగ మంచిపేరు యాడికెళ్ళి వస్తదే మనకు?" అని పకపకా నవ్వేది. పప్పులో ఉప్పు ఎక్కువైతే నన్ను తిట్టేది, ఆ పప్పే మారు వడ్డించుకునేది.

ఊళ్ళ మీద పడి ఇళ్ళు దోచుకున్న ఆ గడబిడల కాలంలో మేమూ ఇల్లు వదిలి కోదాడలో చుట్టాల దగ్గర తలదాచుకున్నాం. తిరిగొచ్చి చూస్తే మా వాకిలి తలుపు రెండు రెక్కల్లో ఒకటి ముక్కలై పడి ఉంది. రెండోది మాత్రం, నడుమ ఉబ్బెత్తుగా చెక్కిన తామరపువ్వుతో సహా, చెక్కు చెదరలేదు. మామయ్య కొత్త తలుపు పెట్టించాడు. ఊళ్ళో కాస్త నెమ్మది కుదిరాక అత్తమ్మ ఒకరోజు అన్నం దగ్గర అంది, "నాకు ఇంట్ల ఉయ్యాల గావాలె."

పెళ్ళయి ఏళ్ళు గడిచినా నా కడుపు పండలేదు. మా ఆయనకు రెండో పెళ్ళి చెయ్యాలని చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఉయ్యాల అడిగిందంటే మనవడి కోసమే. మనవడు కావాలంటే ఇంకో కోడలు రావాలి. నేనలాగే అనుకున్నాను. నా స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

ఉయ్యాల ఎంపికకు ఆమె పట్టుచీర కన్నా ఎక్కువ తతంగం చేసింది. ముందు కోదాడ పోయాం. అక్కడ చుట్టాల పెరట్లో వేపకొమ్మకు ఇనుప గొలుసులతో ఉయ్యాల ఉంది. ఆ ఇంటావిడ, "మీరూ పెరట్లోనే కట్టుకోండి వదినా, గాలి బాగా వస్తుంది" అంది. "గాలితోని ఊరి కండ్లు గూడ వస్తయి. నేను ఊగుడు ఊరంత సూడాల్నా?" అని అత్తమ్మ కొట్టిపారేసింది.

తర్వాత మిర్యాలగూడ, అత్తమ్మ వాళ్ళ అక్క ఇంటికి. అబ్బో, అది ఉయ్యాల! ఇత్తడి గొలుసులు, గొలుసుల నడుమ చిలుకలు, చిలుకల కింద మువ్వలు. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత బల్ల. మామయ్య దాని మీద చెయ్యి వేసి, "తిని జర నడుం వాల్చెటందుకు మంచిగుంటది" అన్నాడు.

"మంచం ఏం పాపం జేసింది?" అంది అత్తమ్మ.

అప్పుడు పెద్దత్తమ్మ నాకు వినిపించేట్టే మొదలుపెట్టింది. "ఉయ్యాల గట్టాలంటె ముందుగాల ఊగెటోడు పుట్టాలె గదనే చెల్లె. పిలగానికి ఒక సంబంధం సూసిన. నువ్వు ఊ అంటె సాలు."

నేను నీళ్ళ చెంబు పట్టుకుని అక్కడే ఉన్నాను. అత్తమ్మ గొలుసుకున్న చిలుకను వేలితో తిప్పుతూ, "ఊగెటోళ్ళు మా ఇంట్ల ఉన్నరక్కా. నేనొకదాన్ని, నా కోడలొకతె. సంబంధం మాట నా దగ్గర ఇంకోసారి ఎత్తకు" అంది. అంతలోనే, "అవునే, గీ మువ్వలు మోగుతుంటె మీకు నిద్రెట్ల పడ్తదే?" అని అడిగింది. నేను చెంబు అక్కడే పెట్టి, పెరట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికి రాగానే వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించి, మిగిలిన ఆ తలుపు రెక్క చూపించింది. "దీని ఎనక దాక్కోని భయపడ్డది సాలు. ఇగ దీని మీద కూసోని ఊగుతం" అంది. ఆయన పువ్వు చెక్కేసి చదును చేస్తానన్నాడు. ఈమె వద్దంది.

"గట్ల గాదమ్మా. నడుమ పువ్వుంటె కూసునెటోళ్ళు ఓ కొసకు కూసోవాలె. ఒక్కరే కూసుంటె సక్కగ ఊగది. అడ్డం తిరిగి స్తంభానికి తాకుతది."

"తాకనియ్. ఒక్కరు కూసునెటందుకు చేయిస్తున్ననా?"

"పండుకునెటందుకు గూడ పనికిరాకపాయె" అని మామయ్య గొణుక్కున్నాడు.

ఉయ్యాల దూలానికి ఎక్కింది. అత్త ముందు కోడలు సరిసమానంగా కూర్చోవడం మా వైపు లేదు. నేను అలవాటుగా కింద చాప మీద కూర్చున్నాను. "లే బిడ్డా. పువ్వుకు గటు నేను, గిటు నువ్వు" అంది.

"అయ్యో, ఎవరన్న సూస్తె అత్తమ్మా?"

"ఇంటికొచ్చెటోళ్ళు సూడాల్ననే గద! నువ్వు ఎక్కకుంటె నేను స్తంభానికి గుద్దుకోని సస్త."

ఎక్కాను. సిగ్గుతో చచ్చిపోయాను గానీ ఎక్కాను. ఆనాటి నుంచి సాయంత్రమైతే చాలు, మా ఇద్దరికీ అదే చోటు. పువ్వు మీద ఆమె ఇత్తడి వక్కాకు డబ్బా. రెండో సంబంధం మాట మోసుకొచ్చినవాళ్ళు మమ్మల్ని అలా పక్కపక్కన చూసి, ఎత్తబోయిన మాట మింగేసి, వక్కాకు నములుతూ వెళ్ళిపోయేవాళ్ళు. దిగేటప్పుడు ఆమె బల్లను చేత్తో పట్టి ఆపేది. "ఖాళీ ఉయ్యాల ఊగద్దు బిడ్డా, ఇంటికి మంచిది గాదు" అనేది.

దినాలు అయిపోయిన మర్నాడు, చుట్టాలింకా ఇంట్లోనే ఉన్నారు. నేను ఉయ్యాల బల్ల తుడిచి, నా వైపు కూర్చున్నాను. అలవాటు పడ్డ కాలు నేలను తన్నింది. బల్ల అడ్డం తిరిగి స్తంభానికి టక్కున తాకింది. అందరూ చూశారు.

పెద్దత్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూనే మామయ్యతో అంది, "చెల్లె ఉన్నన్ని దినాలు నోరు మూసుకున్న మరిదీ. ఇగనన్న పిలగాని సంగతి ఆలోచించు."

మామయ్య లేచి లోపలికి పోయాడు. అత్తమ్మ వక్కాకు డబ్బా తెచ్చి పువ్వు మీద పెట్టాడు. గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు తిరిగి, "గట్ల నిలవడ్డవేందిరా? ఉయ్యాల అడ్డం తిరుగుతున్నది, కనవడ్తలేదా? పో, మీ అమ్మ జాగల కూసో" అన్నాడు.

మా ఆయన పెద్దల ముందు నా పక్కన ఏనాడూ కూర్చున్న మనిషి కాదు. తల వంచుకుని వచ్చాడు. పువ్వుకు అటువైపు కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గొలుసు పట్టుకున్నాడు. పెద్దత్తమ్మ మొహం తిప్పుకుంది. నేను కాలితో నేలను తన్నాను. ఉయ్యాల ఎక్కడా తాకకుండా చక్కగా సాగింది. నడుమ, అత్తమ్మ డబ్బాలో వక్కలు గలగలమన్నాయి.