తొంభై గ్రాముల చాకు

మేం పోస్టు చేరింది మధ్యాహ్నం పన్నెండూ నలభైకి. బేస్ నుంచి తొమ్మిది గంటలు ట్రక్కులో, ఆపైన రెండు రోజులు కాలినడకన. ఎత్తు తొమ్మిది వేల అడుగులు. తూర్పు సరిహద్దు. వాన పడుతోంది. పోస్టంటే మట్టిబస్తాల గోడలు, రేకుల కప్పు, లోపల ఒక కిరసనాయిల్ పొయ్యి. బూట్లు విప్పితే రెండు జలగలు. కాలికొకటి.

మాది పిడుగురాళ్ల దగ్గర ఊరు. ఎటు చూసినా మిరప, పత్తి, దూరంగా సున్నపు బట్టీల పొగ. మాకు అడవంటే ఎప్పుడో ఓసారి వెళ్ళి చూసొచ్చే చోటు. అక్కడ మాత్రం పోస్టు తలుపు తీస్తే అడవే. వెదురు మనిషిని దూరనివ్వదు. కత్తి లేకుండా పది అడుగులు నడవలేం.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈమధ్య ఒంగోలు బ్యాంకు ఉద్యోగులు కొందరు సెలవు రోజుల్లో కొండలెక్కుతున్నారు. నేను మాజీ సైనికుణ్ణని తెలిసి ఫోన్ చేస్తారు. “ఏ కత్తి తీసుకెళ్ళమంటారండీ?” అని అడుగుతారు. ఫొటోలు కూడా పంపుతారు. రంపప్పళ్ళున్నవి, నల్లరంగు పూసినవి, మూరెడు పొడుగువి. అవి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, వాళ్ళ తప్పేం లేదు. మంట నామీద నాకే.

పోస్టుకు చేరిన మూడో వారం ఆర్డరు వచ్చింది. ఆరు రోజుల గస్తీ. ఎనిమిదిమంది జవాన్లు, దారి చూపడానికి స్థానిక కూలీలు ఇద్దరు. నడిపించేది సుబేదార్ సాబ్. నేను నాయక్‌ని, సామాను నా బాధ్యత. ఎవరి వీపు మీద ఎంత బరువు, ఏ పనిముట్టు ఎవరి దగ్గర ఉండాలి, అన్నీ నేనే తేల్చాలి. సాబ్ హిందీలో ఒక్క మాట చెప్పారు.

“మనిషికి ఇరవై రెండు కిలోలు. ఎక్కువైతే ఆ ఎక్కువ నీ వీపు మీద వేస్తాను.”

స్ప్రింగ్ త్రాసు ముందేసుకుని కూర్చున్నాను. వెదురు నరకడానికి దావ్‌లు రెండు. దావ్ అంటే అక్కడివాళ్ళ కత్తి, మన మచ్చుకత్తి కంటే పొడుగు, బరువు. అవి రెండూ ముందు నడిచే కూలీల దగ్గరే. మాను అడ్డంపడితే కొయ్యడానికి మడత రంపం ఒకటి. మడత చాకులు నాలుగు, ఇద్దరికొకటి చొప్పున. వంటవాడు పెద్ద కత్తి కూడా కావాలన్నాడు. కుదరదన్నాను. నర్సింగ్ అసిస్టెంట్ మందుల సంచి ఆయన సొంత వ్యవహారం, అందులో ఏముందో నేను చూడలేదు.

రేడియో ఆపరేటర్ వచ్చాడు. కొత్తపట్నం వాడు, చేపల వేటకెళ్ళే కుటుంబం. పోస్టులో తెలుగొచ్చింది మా ఇద్దరికే. గస్తీలో మేమిద్దరం ఒక జంట.

“అన్నా, నా చాకు నేను తెచ్చుకుంటా.”

జేబులోంచి తీశాడు. బెత్తెడు చాకు, మడత లేనిది. చెక్క పిడికి నైలాన్ దారం చుట్టి, చివర ఉచ్చులాగా వదిలాడు. వాసన చూశాను. కంపు కొట్టింది.

“ఏరా, చేపలు కొయ్యడానికి పోతన్నామా?”

“వల తాడు కోసేదన్నా ఇది. ఇది లేకుండా మావోళ్ళెవరూ పడవెక్కరు. ఈ దారం మణికట్టుకు తగిలించుకుంటే ఎక్కడికీ పోదు.”

త్రాసుకు తగిలించాను. తొంభై గ్రాములు.

“నీకు సెట్టు, బ్యాటరీలతో ఇప్పటికే ఇరవై ఆరు అయింది. సాబ్‌ని ఎట్టాగో ఒప్పించా. మనిద్దరికీ మడత చాకు నా దగ్గరుందిగా.”

“తొంభై గ్రాములేగా అన్నా!”

“నీకిస్తే అందరూ అడుగుతారు. పెట్టెలో పెట్టు.”

నవ్వి పెట్టేశాడు. పెట్టెకు తాళం వేసింది నేనే.

ఉదయం ఆరూ పదికి బయల్దేరాం. మొదటి రోజు పదకొండు కిలోమీటర్లు. రెండో రోజు ఏడే, అంతా ఎక్కుడు. ఆ మధ్యాహ్నం ఒక బండ దగ్గర ఆగి ఉల్లిపాయలు కోసుకుంటున్నాం. ఆపరేటర్ చాకు అడిగాడు. మూసి బండ మీద పెట్టాను. తీసుకున్నాడు. సాబ్ చూసి, చేతికివ్వొచ్చు కదా అన్నారు.

“మావైపు ఇవ్వరు సాబ్. కత్తీ, ఉప్పూ, మిరపకాయలూ చేతికిస్తే పోట్లాటలొస్తాయి.”

“అయితే మీ ఊళ్ళో పోట్లాటలే లేవన్నమాట,” అన్నారాయన. అందరూ నవ్వారు. మా ఊరి సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను.

మూడో రోజు వాన మొదలై ఆగలేదు. తడిసిన గుడ్డలు, తడిసిన రొట్టెలు. నాలుగో రోజు రెండింటికి ఒక వాగు దగ్గరికొచ్చాం. నీళ్ళు ఎర్రగా, బురదగా, రాళ్ళు దొర్లే చప్పుడుతో పారుతున్నాయి. వంతెనంటే రెండు మానులు పక్కపక్కన పడేసి పేముతో కట్టారు. పైన నాచు. సాబ్ ఒక్కొక్కరినే దాటమన్నారు. కూలీలు దాటారు. నర్సింగ్ అసిస్టెంట్, వంటవాడు, సాబ్ దాటారు. రెండూ ఇరవైకి ఆపరేటర్ అడుగుపెట్టాడు. నా వెనక ఇంకా ముగ్గురున్నారు.

సగం దూరంలో జారాడు. కింద పడి కొట్టుకుపోయి ఉంటే ఏమయ్యేదో తెలియదు. కొట్టుకుపోలేదు. మానుకు కిందివైపు విరిగిన కొమ్మ మోడుకు అతని సంచి పట్టీ చిక్కుకుంది. నీళ్ళు రొమ్ము దాకా వచ్చి, మనిషిని మాను కిందికి నెడుతున్నాయి. ఎడమచెయ్యి మాను మీదుగా వేసి పట్టుకున్నాడు. పట్టీ బకిల్ కొమ్మకింద నలిగి ఊడటం లేదు. అక్కడికి అందేది అతని చెయ్యే, నాది కాదు.

నేను మాను మీద బోర్లా పాకుతూ వెళ్ళాను.

“కత్తియ్యన్నా! కత్తి!”

కుడిచెయ్యి నీళ్ళలోంచి పైకి తీసి, అరచెయ్యి తెరిచి చాపాడు. నాకు జానెడు దూరం. చాకు తీశాను. తెరిచాను. పిడి అతనివైపు తిప్పాను. అంతవరకూ అన్నీ సరిగ్గానే చేశాను.

తర్వాత ఆ చాకును అతని చేతి ముందు, మాను మీద పెట్టాను.

ఆలోచించి చేసిన పని కాదు. పుట్టినప్పటినుంచీ వంటింట్లో, కళ్ళంలో, పొలం గట్టు మీద ఎన్ని వేలసార్లు కత్తిని అలా కింద పెట్టి ఉంటానో. చెయ్యి తనకు తెలిసినట్టు చేసేసింది. చాకు నాచు మీద ఒక్క క్షణం నిలబడింది. అతని వేళ్ళు దానిమీదికి వచ్చేలోపు జారింది. చప్పుడు కూడా కాలేదు.

“అన్నా,” అన్నాడు. ఒక్కసారే.

“దావ్! దావ్!” అని అరిచాను. అటు ఒడ్డునుంచి కూలీ ఒకతను ఆ నాచు మీద కోతిలా ఉరుకుతూ వచ్చి దావ్‌ను నా చేతిలో పెట్టాడు. అవును, చేతిలోనే పెట్టాడు. మూరెడు కత్తి, గొడ్డలంత బరువు. నీళ్ళకింద కనిపించని పట్టీని దాంతో ఎలా కొయ్యాలి? కొమ్మకు ఆనించి రెండు వేట్లు వేశాను. తగల్లేదు. ఆపరేటర్ పెదాలు నల్లబడ్డాయి. పట్టీని నాకు అందేలా తన వేళ్ళతో లాగి పట్టుకున్నాడు. ఆ సంగతి నాకు నీళ్ళలో కనిపించలేదు. మూడో వేటుకు పట్టీ తెగింది. దాంతోపాటు ఉంగరపువేలు, చిటికెనవేలు.

బయటికి లాగేసరికి రెండూ ముప్పై ఒకటి. పదకొండు నిమిషాలు.

నర్సింగ్ అసిస్టెంట్ సంచి విప్పి కత్తెర తీశాడు. ముక్కు మొండిగా ఉన్న చిన్న కత్తెర. తడిసి బిగుసుకుపోయిన చొక్కా చేతిని, సంచి పట్టీ మిగిలిన ముక్కని కాగితంలా కత్తిరించేశాడు. చర్మానికి గీత కూడా పడలేదు. నేను ఆ కత్తెరనే చూస్తూ ఉండిపోయాను. ఈ పనికి కావాల్సింది అది. నేను తూకం వేయని ఒకే ఒక్క పనిముట్టు అది.

రేడియో సెట్టు రబ్బరు సంచిలో ఉంది కాబట్టి పనిచేసింది. మాట్లాడేవాడు లేడు. నేనే తీసుకున్నాను. మైకు నోటికి ఆనించి అరిచాను.

“పోస్ట్, పోస్ట్, గస్తీ మాట్లాడుతోంది. గాయపడినవాడొకడు. కుడిచెయ్యి. ఓవర్!”

కంబళి కింద పడుకున్న ఆపరేటర్ కళ్ళు తెరిచాడు. “అంత అరవమాకన్నా. మామూలుగా మాట్లాడు, ఇనపడుద్ది,” అన్నాడు.

మబ్బుల్లో హెలికాప్టర్ రాలేనంది. రెండు రోజులు నడిపించి, కొంతదూరం మోసి, పోస్టుకు చేర్చాం. ఆ వేళ్ళు అతికించేందుకు లేకపోయాయి. నాలుగు నెలలకు అతన్ని సర్వీసు నుంచి ఇంటికి పంపేశారు.

రిపోర్టు రాసేటప్పుడు సాబ్ అడిగారు, “మడత చాకు ఒకటి తక్కువుంది. ఎలా పోయింది?”

“చెయ్యి జారింది సాబ్.”

ఆయన అదే రాశారు. నేను సంతకం పెట్టాను. ఆ మూడు మాటలూ నన్ను నమిలేశాయి. అక్కడి పోస్టింగు ఇంకా ఏడు నెలలు మిగిలింది. ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాను. కాపలా డ్యూటీ లేని గంటల్లో కూడా పోస్టు చుట్టూ తిరిగేవాణ్ణి. పెట్టె తాళం తీసి ఆ చిన్న చాకు చూసి, మళ్ళీ వేసేవాణ్ణి. తర్వాత దాన్ని అతని సామానుతోపాటు పార్సిల్ కట్టి పంపాను. ఉత్తరం మాత్రం రాయలేకపోయాను.

సర్వీసు ముగించుకుని ఊరొచ్చేసరికి మిర్చి సీజన్. గుంటూరు స్టేషన్లో దిగగానే గాలిలో ఘాటు. తుమ్ముకుంటూ బస్సెక్కాను. మూడో రోజు కళ్ళంలో మా ఆవిడ బస్తాలు కుడుతోంది. దబ్బనంతో చివరి కుట్టు వేసి, పురికొస తెంపడానికి కత్తి అడిగింది. తెచ్చి చేతికిచ్చాను.

“ఏందయ్యా, చేతికిస్తన్నావు? కింద పెట్టు.”

“తీసుకో.”

“మనిద్దరికీ పోట్లాట రావాలనా? పెట్టు కింద!”

పెట్టలేకపోయాను. వేలికి కత్తి అంటుకుపోయినట్టు నిలబడిపోయాను. ఆవిడ ముఖంలో కోపం పోయి భయం వచ్చింది. అప్పుడు మొత్తం చెప్పాను. కళ్ళంలో మిరపకాయల మధ్యే కూర్చుని చెప్పాను. ఆవిడ విని, కళ్ళు తుడుచుకుని, “ఆ పిల్లోడికి చెప్పావా?” అంది.

లేదన్నాను. “మరి నాకు చెప్తావేంది, పో,” అంది.

పొద్దున్నే ఒంగోలు బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో కొత్తపట్నం. ఆపరేటర్ ఒడ్డున వల బాగుచేస్తున్నాడు. మూడు వేళ్ళతో దారం ముడి వేస్తున్నాడు, పంటితో లాగుతున్నాడు. నన్ను చూసి లేచి, ఇంట్లోకి కేకేశాడు.

“ఏమే, ఇటు రా! నన్ను బతికించిన అన్న వచ్చాడు!”

అతని భార్య వచ్చి నా కాళ్ళకు మొక్కబోయింది. వెనక్కి జరిగాను. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. చాకు జారలేదని, నేనే మాను మీద పెట్టానని, చేతికివ్వలేదని. అతని చాకును తాళం వేసి ఆపింది కూడా నేనేనని.

ఆపరేటర్ వల పక్కన పెట్టాడు.

“తెల్సన్నా. నేను చూశానుగా.”

“తెలిసి ఎందుకు చెప్పలేదురా? ఎంక్వైరీలో?”

“ఏం చెప్పేది? ఒడ్డు మీద మేమూ అంతే, మా అమ్మ కూడా కిందే పెడుద్ది. పడవెక్కితే మాత్రం చేతిలోకే ఇస్తాం. నువ్వు పడవెక్కినోడివి కాదుగా.” కాసేపు ఇసుక గీకాడు. “నేనే చెప్పాల్సింది, చేతిలో పెట్టన్నా అని. నోరు రాలా.”

తిట్టి ఉంటే బాగుండేది. అతను నా తప్పులో తన వాటా వెతుక్కుంటున్నాడు. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు, లేచి రాబుద్ధీ కాలేదు. చేపల పులుసుతో అన్నం పెట్టారు. తిన్నాను. సాయంత్రం ఆటో దాకా వచ్చి సాగనంపాడు.

బ్యాంకు వాళ్ళకు ఇప్పుడు ఇదే చెబుతున్నాను. పెద్ద కత్తులు ఇంట్లో పెట్టండి. ముక్కు మొండిగా ఉన్న కత్తెర ఒకటి పై జేబులో ఉంచుకోండి. చిన్న చాకు, మడత లేనిది, దారంతో ఒంటికి కట్టుకోండి. ఇద్దరికొకటి కాదు, ఎవరిది వాళ్ళకు. బరువంటారా, నేను మోస్తున్నంత ఉండదు. ఎవరైనా కత్తి అడిగితే చేతిలోనే పెట్టండి, వాళ్ళు పిడి పట్టుకున్నారని తెలిసేదాకా వదలకండి. పోట్లాటలొస్తే రానివ్వండి. బతికున్నవాళ్ళే కదా పోట్లాడుకునేది.

వాళ్ళు “థాంక్సండీ” అని ఫోన్ పెట్టేస్తారు. నేను లేచి పెరట్లో తిరుగుతాను. తుపాకులు, వాన, వెదురు, అన్నీ నెమ్మదిగా మరుగునపడుతున్నాయి. ఒక్కటి మాత్రం పోదు. ఎర్రటి నీళ్ళమీద, నాకు జానెడు దూరంలో, తెరుచుకుని ఎదురుచూస్తున్న ఒక అరచెయ్యి. దానికి ఇంకా అయిదు వేళ్ళూ ఉన్నాయి.